చెవి కింద ఆరు అంకెలు

నాకు చిన్నప్పటి నుంచి ఒక చెడ్డ అలవాటుంది. ఎక్కడ అక్షరం కనిపిస్తే అక్కడ ఆగిపోతాను. బస్సు టికెట్ వెనక, అగ్గిపెట్టె పక్కన, మందు సీసా అడుగున, దేన్నీ చదవకుండా వదలను. "దీనికి అన్నం పెట్టకున్నా నడుస్తది, కాయితం పెడితే చాలు" అని మా అమ్మ విసుక్కునేది. విసుక్కుంటే విసుక్కుంది గానీ, ఆ అలవాటే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

1981 ఎండాకాలం. వరంగల్ పక్కన సుబేదారిలో ప్లీడరు వెంకట్రాజం గారి దగ్గర నేను టైపిస్టును. ఆఫీసంటే ఆయన ఇంటి ముందు గదే. ఒక బీరువా నిండా లా పుస్తకాలు, ఒక టేబుల్ ఫ్యాను, నా టైపు మిషను. వెంకట్రాజం గారు మంచివారే. కాకపోతే భూమి తగాదాలు తప్ప ఇంకేది వచ్చినా రాజీ పడమనేవారు. కొత్త చట్టం చదవడం కన్నా పాత క్లయింటును బుజ్జగించడం తేలికని ఆయన నమ్మకం.

ఒకరోజు పొద్దున సారు ఇంకా పూజలో ఉండగా, యాభై దాటిన ఒక మనిషి గుడ్డమూట పట్టుకుని వచ్చాడు. చేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. పేరు జానీ మియా అనీ, వరంగల్ అండర్ బ్రిడ్జి అవతల అల్యూమినియం పోత పోస్తాననీ చెప్పాడు. జేబులోంచి ఒక రిజిస్టరు లెటరు తీసి నా ముందు పెట్టాడు.

"బేటీ, ఇది వచ్చి నాలుగు దినాలాయె. ఏమంటాందో జర చదివి చెప్పు."

ఇంగ్లీషులో ఉన్న లాయరు నోటీసు అది. హైదరాబాదులో గిన్నెలు చేసే ఒక కంపెనీ తరఫున వచ్చింది. మీరు చేసి అమ్ముతున్న సర్వపిండి గిన్నె రూపం మా క్లయింటుది, ఆ రూపాన్ని మా క్లయింటు సర్కారు దగ్గర ఈ నంబరుతో రిజిస్టరు చేయించుకున్నారు, మీరు దాన్ని దొంగిలించారు. పదిహేను రోజుల్లో పోత ఆపి, ఉన్న గిన్నెలూ నమూనాలూ అన్నీ అప్పగించి, తప్పు ఒప్పుకుంటూ సంతకం చేసి పంపండి. లేదంటే కోర్టు. నేను ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు అప్పట్లో చేతకాదు.

"దొంగతనమా?" అన్నాడు జానీ మియా. "నేనా?"

మూట విప్పి రెండు గిన్నెలు టేబుల్ మీద పెట్టాడు. ఒకటి పాతది, ఒక చెవి విరిగితే లక్కతో అతికించింది. రెండోది కొత్తది, తళతళలాడుతోంది. రెండూ ఒకే తీరు. అడుగు మందం, గోడ మెల్లగా వంగి పైకి లేచింది, బయట చుట్టూ మోదుగుపువ్వు రెక్కల్లాంటి గాడులు. చెవులు కూడా మోదుగు మొగ్గల్లాగే వంపు తిరిగాయి. నేను అప్పటిదాకా గిన్నెకు బియ్యప్పిండి ఒత్తి కాల్చిన సర్వపిండి తిన్నాను గానీ, ఆ గిన్నెను ఇంత సేపు చూడలేదు.

"ములుగు నుంచి మల్లక్క అనేటామె హైదరాబాదుల కొన్న ఈ ఇరిగిన గిన్నె తెచ్చింది. ఇసొంటిదే ఇంకోటి పోసియ్యమన్నది. పోసిచ్చిన. ఇరిగింది నా తానే ఇడిసిపెట్టి పోయింది. ఆమెను చూసి ఇంకొకామె, ఆమెను చూసి దుకాణపోళ్ళు. సాంపిల్ తెస్తరు, నేను పోస్త. ముప్పై ఏండ్ల సంది గదే పని బేటీ. మోటరు రెక్క ఇరిగితే రెక్క, కుట్టు మిషను కాలు ఇరిగితే కాలు. గది ఎవల్దని ఎన్నడన్న అడిగిన్నా?"

పోత ఎట్లా పోస్తాడో అడిగి తెలుసుకున్నాను. తడి ఇసుక నింపిన పెట్టెలో తెచ్చిన వస్తువును ఒత్తి, మెల్లగా తీసేస్తాడు. ఇసుకలో దాని అచ్చు మిగులుతుంది. కరిగిన అల్యూమినియం అందులో పోస్తాడు. ఇసుకకు మంచీ చెడూ తెలియదు. ఏది ఒత్తితే దాన్నే పట్టుకుంటుంది.

నేను కొత్త గిన్నె తిప్పి చూశాను. చెవి కింద సన్నటి అక్షరాలు. ఇంగ్లీషులో 'ఆర్.డి.' అని, పక్కన ఆరు అంకెలు. చివరి అంకె ఏడు. పాత గిన్నె చెవి కింద కూడా అవే అంకెలు. నోటీసులోనూ అవే.

"చూసినవా, ఎంత సాఫ్‌గ వచ్చినయో!" అన్నాడు జానీ మియా. ఆ బాధలోనూ ఆయన గొంతులో గర్వం తొంగిచూసింది. "పాతదాంట్ల అరిగిపోయినట్టుండె. నేను ప్రతి గిన్నెకు ఆకురాయితోని తేట చేస్త. ఒకపారి అవి లేకుంట పోసిన. దుకాణపోళ్ళు డూప్లికేట్ అని వాపస్ ఇచ్చిండ్రు."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వకూడదని తెలుసు, అయినా నవ్వాను. "చాచా, ఆ అక్షరాలు ఏంటివో ఎరుకేనా నీకు? ఈ రూపం రిజిస్టరైంది, దీన్ని ఎవరూ కాపీ కొట్టొద్దు అని లోకానికి చెప్పే గుర్తు. నువ్వు కాపీ కొట్టి, కాపీ కొట్టొద్దని దాని మీదే రాసి, మళ్ళీ ఆకురాయితో తేట చేసి అమ్మినవ్!"

ఆయన నవ్వలేదు. గిన్నె తీసుకుని చెవి కింద బొటనవేలితో తడిమాడు. "డిజైన్ల భాగం అనుకున్న," అన్నాడు మెల్లగా. నా నవ్వు నాకే చేదైంది.

పూజ ముగించుకుని వచ్చిన వెంకట్రాజం గారు నోటీసు చదివి పెదవి విరిచారు. "పెద్ద కంపెనీ. మనకెందుకు? సంతకం పెట్టి, గిన్నెలు అప్పజెప్పు. పీడ పోతది."

"పెడితె దొంగనని నేనే రాసిచ్చినట్టు గద సార్," అన్నాడు జానీ మియా. "బజార్ల తెలిస్తె నా చేతికి సాంపిల్ ఎవలిస్తరు? మా బట్టీకి వచ్చేటోళ్ళు ఇంట్ల ఇరిగినవి తెచ్చి నా మీద నమ్మకంతోని పెట్టి పోతరు. గా నమ్మకం పోతె బట్టీ ఎందుకు?"

సారు ఆలోచించి చెప్తానన్నారు. అంటే ఆలోచించరని నాకు తెలుసు.

నాకు మాత్రం ఆ ఆరు అంకెలు బుర్రలోంచి పోలేదు. ఒక నంబరుందంటే అది ఎక్కడో ఒక పుస్తకంలో రాసి ఉండాలి. ఆ పుస్తకంలో నంబరు పక్కన ఒక పేరుండాలి, ఒక తారీఖుండాలి. గిన్నె మీద నంబరైతే ఉంది గానీ ఎవరిదో లేదు, ఎప్పటిదాకో లేదు. కాపలా మనిషిని నిలబెట్టి యజమాని పేరు మాత్రం చెప్పొద్దన్నట్టుంది. ఈ తిక్క గుర్తు పెట్టినవాళ్ళ మీద నాకు కోపం కూడా వచ్చింది.

మధ్యాహ్నం సారు భోజనానికి లోపలికి పోగానే బీరువా తెరిచాను. కింది అరలో, దుమ్ములో, పదకొండో సంవత్సరపు డిజైన్ల చట్టం దొరికింది. 1911. ఎవరూ తెరిచిన జాడలేదు. తుమ్ముకుంటూ చదివాను. భలే ముచ్చటగా ఉంది. వస్తువు ఎట్లా పని చేస్తుందో ఈ చట్టానికి పట్టదట. కంటికి ఎట్లా కనిపిస్తుందో అదొక్కటే లెక్క. రూపం రిజిస్టరు చేయించుకున్నవాడు ప్రతి వస్తువు మీదా గుర్తూ నంబరూ వెయ్యాలి. వెయ్యకపోతే తర్వాత ఎవడో కాపీ కొట్టాడని నష్టపరిహారం అడగడం కష్టం. హక్కు మొదట ఐదేళ్ళు. అడిగి రుసుం కడితే ఇంకో ఐదు, ఆపైన ఇంకో ఐదు. అంతే, ఆ తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. ఇంకొక సెక్షన్ దగ్గర నేను కుర్చీలోంచి లేచాను. నంబరు చెప్పి అడిగితే, అది ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతుందో లేదో కలకత్తా ఆఫీసు ఎవరికైనా చెప్పాలట.

సారు వచ్చేసరికి ఉత్తరం టైపు చేసి పెట్టాను. "ఎందుకమ్మా భారతీ ఇదంతా?" అన్నారు.

"సంతకం పెట్టేముందు ఎవరికి పెడుతున్నమో తెలుసుకుందాం సార్."

గొణుక్కుంటూనే సంతకం చేశారు. కంపెనీకి కూడా గడువు పెంచమని ఒక ముక్క రాశారు. అది చాలు అనుకున్నాను.

ఆ తర్వాత ఎదురుచూపు. జానీ మియా రెండు రోజులకోసారి వచ్చేవాడు. వచ్చి బల్ల చివర కూర్చునేవాడు. జవాబు వచ్చేదాకా బట్టీ ఆపెయ్యమని సారు చెప్పారు, ఆపేశాడు. పని లేక ఇద్దరు పనివాళ్ళు వేరే చోటికి పోయారు. ఒకరోజు వచ్చి మాట్లాడకుండా కూర్చున్నాడు. ఏమైంది చాచా అంటే చెప్పాడు.

"నర్సంపేట కాడికెళ్ళి ఒకాయన మోటరు రెక్క తెచ్చిండు. పక్క దుకాణపోడు చెవుల ఏదో చెప్పిండు. ఆయన రెక్క మళ్ళ సంచిల పెట్టుకున్నడు. 'మళ్ళొస్త భాయ్' అని పోయిండు. ముప్పై ఏండ్లల్ల నా చేతికిచ్చి వాపస్ తీసుకున్నోడు లేడు బేటీ."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. దాన్ని దాచుకోవడానికి మిషను మీద కాగితం ఎక్కించాను, టైపు చేయడానికి ఏమీ లేకపోయినా.

నలభై రెండో రోజు కలకత్తా నుంచి కవరు వచ్చింది. సారు చేతికి ఇవ్వకుండా నేనే చించాను. నాలుగు వరుసలు. రెండుసార్లు చదివాను, మూడోసారి పైకి చదివాను. ఆ నంబరు గల డిజైను 1972లో రిజిస్టరైంది. వస్తువు, లోహపు వంటపాత్ర. యజమాని, వడ్ల రాయమల్లు, మడికొండ, వరంగల్ జిల్లా. పొడిగింపు కోరనందున 1977లో హక్కు ముగిసింది.

కంపెనీ పేరు ఎక్కడా లేదు.

వెంకట్రాజం గారు నన్ను చూశారు, కాగితాన్ని చూశారు. నలభై రోజుల నుంచి రాజీ రాజీ అన్న మనిషి ఒక్కసారిగా పులి అయిపోయారు. "రాయి భారతీ! ఎవరిదో నంబరు తమదని చెప్పి మా క్లయింటును బెదిరించినందుకు..." అని నిలబడి డిక్టేట్ చేశారు. నేను కూడా వేళ్ళు నొప్పి పుట్టేలా కొట్టాను. చెప్పేస్తున్నాను, ఆ కంపెనీ నుంచి మళ్ళీ ఒక్క ముక్క జవాబు రాలేదు.

"ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు జానీ మియా," అన్నారు సారు. "ఇప్పుడు ఆ గిన్నె ఎవడైనా పోసుకోవచ్చు. రేపే బట్టీ రాజెయ్యి. ఆ అక్షరాలు మాత్రం తీసెయ్యి. చెల్లని రిజిస్ట్రేషన్ గుర్తు వేస్తే తప్పు."

జానీ మియా కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు గానీ లేవలేదు. "రాయమల్లు ఎవలు సార్?"

"ఎవలైతే ఏంది?"

"ఇన్ని దినాలు కంపెనీ గిన్నె అనుకున్న. మనిషి గిన్నె అని ఎరుక లేకపాయె." లేచి నిలబడ్డాడు. "మడికొండకు పోతాన."

లేని చిక్కు నెత్తికెత్తుకోవద్దని సారు అరిచారు. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. ఆ పేరు వెనక మనిషిని చూడకుండా ఉండటం నా వల్ల కాదు.

మడికొండలో బస్సు దిగి, వడ్ల రాయమల్లు ఇల్లు ఎక్కడంటే ఒకరు చెయ్యి చూపించారు. పెంకుటిల్లు. ముందర వేపచెక్క పొట్టు, రంపం, మూలన కొన్ని చెక్క దిమ్మలు. అరవై దాటిన మనిషి ముక్కాలిపీట మీద కూర్చుని ఉలి నూరుతున్నాడు. ఆయన భార్య సమ్మమ్మ మాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. రాయమల్లు కాజీపేట లోకోషెడ్డులో చెక్క నమూనాలు చేసి రిటైరైన మనిషని ఆమే చెప్పింది. పోత పోసే ప్రతి ఇనుప సామాను ముందు చెక్కతో చెయ్యాలట, ఆ చెక్క పనిలో ఈయన్ను మించినవాడు లేడట. ఆయన ఉలి నూరడం ఆపలేదు.

జానీ మియా మూట విప్పి తన గిన్నె ఆయన చేతిలో పెట్టాడు.

రాయమల్లు ముందు బరువు చూశాడు. తర్వాత తిన్నగా చెవి కిందికి బొటనవేలు పోనిచ్చాడు. వేలు ఆఖరి అంకె దగ్గర ఆగింది.

"ఏడు తోక తెగింది," అన్నాడు. "గాడ నా ఉలి జారింది. గది గుడ పోసినవ్."

నేను గిన్నె లాక్కుని చూశాను. నిజమే. ఏడు కింది కొస విరిగినట్టుంది. నలభై రోజులు ఆ అంకెల చుట్టూ తిరిగి కూడా నేను గమనించలేదు. మల్లక్క వదిలిపోయిన పాత గిన్నె, కంపెనీది, తీసి చూస్తే దాని మీదా అదే తెగిన తోక. నాకు నా మీదే చిరాకు వేసింది.

హైదరాబాదు కంపెనీ నోటీసు సంగతి జానీ మియా చెప్పగా విని, రాయమల్లు లోపలికి పోయి తన గిన్నె తెచ్చాడు. ఏళ్ళ తరబడి వాడి నల్లబడ్డది. మూడు గిన్నెలూ వరుసగా పెట్టి, రెండు కాళ్ళ కొలతపనిముట్టుతో ఒక్కొక్కటీ అంచు నుంచి అంచుకు కొలిచాడు. జానీ మియా కూడా వంగి చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, నాకే కాలేదు.

"ఏందో జర నాకు గుడ చెప్పండ్రి," అన్నాను.

"పోసినంక చల్లారితె లోహం గుంజుకపోతది బిడ్డా," అన్నాడు రాయమల్లు. "అందుకే మేం చెక్క నమూనా జర పెద్దగ చేస్తం. గిన్నెనే ఇసుకల ఒత్తి పోస్తె, వచ్చే గిన్నె నువ్వుగింజంత చిన్నదైతది. నా గిన్నె కన్న గీ కంపెనీది నువ్వుగింజంత తక్కువ. ఈయనది దాని కన్న ఇంకో నువ్వుగింజంత తక్కువ."

అంటే కంపెనీ రాయమల్లు గిన్నెను ఇసుకలో ఒత్తింది. నంబరుతో, తెగిన తోకతో సహా. ఆ తర్వాత అదే నంబరు చూపించి జానీ మియాను దొంగ అంది. నాకు కోపంతో పాటు ఒక రకమైన ఆనందం కూడా కలిగింది, లెక్క సరిపోయినప్పుడు కలిగే ఆనందం.

"మేడారం జాతరల నలభై గిన్నెలు అమ్మిన, డెబ్బై నాలుగుల," అన్నాడు రాయమల్లు. "గాడ ఎవలో ఒకటి పట్కపోయి ఉంటరు. గంతకు రెండేండ్ల ముందే మా షెడ్డు ఫోర్‌మెన్ చూసి, ఇది రిజిస్టర్ చేయించు రాయమల్లూ అని కలకత్తల ఒక ఏజెంటు అడ్రస్ ఇచ్చిండు. పిండి మంచిగ ఊడొస్తది అని రాయించబోయిన. పని సంగతి వాళ్ళకు వద్దట. సూపు ఒక్కటే చాలట." జానీ మియా వైపు తిరిగాడు. గొంతు మారింది. "వాళ్ళంటె హైదరాబాదోళ్ళు. నువ్వు ఈడోనివే గద. ఎవల్ని అడిగి పోసినవ్?"

జానీ మియా చెయ్యి జేబు మీదికి పోయింది. జేబులో కలకత్తా కాగితం ఉంది. హక్కు ముగిసింది అనే వరుస అందులో ఉంది. తీసి చూపిస్తే చాలు, ఆయన ఎవరినీ అడగక్కర్లేదు. చెయ్యి జేబు మీదే కొంచెంసేపు ఉండి, కిందికి దిగింది.

"అడగలే. తప్పయింది," అన్నాడు. "ఎవల్దో ఎరుక లేకుండె. ఎరుకైనంక అడగనీకే వచ్చిన. ఇజాజత్ ఇయ్యి ఉస్తాద్. ఇస్తెనే పోస్త. ఇయ్యకుంటె ఈ గిన్నె మళ్ళ నా బట్టీల పడదు."

రాయమల్లు కొలతపనిముట్టు కింద పెట్టాడు. లేచి, గోడ దగ్గరికి పోయాడు. దేవుళ్ళ పటాల పక్కన అద్దం కట్టించిన ఒక కాగితం వేలాడుతోంది. అద్దం మూలలకు పసుపు బొట్లు. దాన్ని గోడ మీంచి తీసి, తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చాడు.

"నువ్వు సదువుకున్న పిల్ల లెక్కున్నవ్. దీన్ని తెలుగుల సదువు బిడ్డా. ఈయన గుడ ఇనాలె. మా సమ్మమ్మ గుడ ఎన్నడు ఇనలే."

సమ్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చి నిలబడింది. "గిది ఉన్నన్ని దినాలు గిన్నె మాదేనంటడు. పండుగకు బొట్టు పెడుత," అంది నాతో.

నా కళ్ళు నా కన్నా ముందే చదివేశాయి. అది సర్కారు పత్రం కాదు. కలకత్తా ఏజెంటు 1976లో రాసిన ఉత్తరం. అందులో ఉన్నది రెండే వాక్యాలు. మొదటిది, ఈ పాత్ర రూపం ఫలానా నంబరుతో వడ్ల రాయమల్లు గారి పేరున రిజిస్టరై ఉన్నది. రెండోది, వచ్చే ఏడాది ఐదేళ్ళ గడువు ముగిసేలోగా పొడిగింపు రుసుం పంపకపోతే ఆ హక్కు పోతుంది.

గడువు గుర్తుచేసిన కాగితానికి బొట్టు పెట్టి, గడువు దాటిన నాలుగేళ్ళకు కూడా ఆమె దండం పెడుతోంది. జానీ మియా నా ముఖం చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ, నా ముఖం చదవడం ఈ నలభై రోజుల్లో నేర్చుకున్నాడు. చాలా మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

నేను మొదటి వాక్యం చదివాను. ఒక్కొక్క మాటా విడదీసి, తెలుగులో, గట్టిగా. "ఈ పాత్ర రూపం వడ్ల రాయమల్లు గారి పేరున రిజిస్టరై ఉన్నది." చదివి అద్దం మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

"గంతేనా?" అంది సమ్మమ్మ.

"గంతేనమ్మా."

పుట్టి బుద్ధెరిగాక ఒక కాగితాన్ని సగంలో వదిలేసింది నేను ఆ ఒక్కసారే. సమ్మమ్మ ముఖం నిండా నవ్వు వచ్చింది. అద్దం నా దగ్గర్నుంచి తీసుకుని తానే గోడకు తగిలించింది. రాయమల్లు మాత్రం నన్నే చూస్తున్నాడు.

"సరే, పొయ్యి," అన్నాడు జానీ మియాతో. "కాని గీ గుంజుకపోయిన గిన్నెతోని కాదు. నా నమూనాతోని పొయ్యి. నా కొలత రావాలె."

అటక మీంచి గుడ్డలో చుట్టిన చెక్క నమూనా దించాడు. టేకుతో చేసింది, నూనె రాసి రాసి నున్నగా ఉంది. మోదుగు రెక్కల గాడులు చెక్కలో ఇంకా అందంగా ఉన్నాయి. జానీ మియా దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. జనం ఇంట్లో విరిగినవి తెచ్చిస్తే వాటిని ఎట్లా అందుకునేవాడో గానీ, ఆ చెక్కను మాత్రం కన్నబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"ఒక మాట ఉస్తాద్," అన్నాడు. "గీ ఇంగ్లీషు అక్షరాలు నాకు వద్దు. అర్థంగాక ఇన్ని దినాలు ఆగమైన. ఆ జాగల నీ పేరు తెలుగుల చెక్కియ్యి. దుకాణపోళ్ళకు ఏవో అక్షరాలుంటె చాలు."

చెల్లని గుర్తు వేస్తే తప్పని సారు చెప్పింది ఆయన మరిచిపోలేదు. ఆ మాట ఎత్తకుండానే గుర్తు తీయించే దారి వెతుక్కున్నాడు. నేనైతే అంత తెలివిగా చెప్పలేకపోయేదాన్ని.

రాయమల్లు ముక్కాలిపీట మీద కూర్చుని పాత అక్షరాలు ఉలితో నున్నగా లేపేశాడు. కొత్త చెక్కముక్కలో అక్షరాలు కోసి, బంకతో అక్కడ అతికించాడు. గంట పైన పట్టింది. అంతసేపూ జానీ మియా ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాడు. వయోజన విద్యలో మూడు నెలలు అక్షరాలు దిద్దుకున్న సమ్మమ్మ వంగి, వేలు పెట్టి కూడబలుక్కుంది. "రా... య... మ... ల్లు." మొగుడి పేరు పైకి అనేసినందుకు నాలిక కరుచుకుని లోపలికి పోయింది. అందరం నవ్వాం.

బస్సుకు వేళయింది. జానీ మియా నమూనా గుండెకు ఆనించుకుని ముందు నడుస్తున్నాడు. రాయమల్లు నాతో పాటు రోడ్డుదాకా వచ్చాడు. సగం దూరం వచ్చాక అడిగాడు.

"బిడ్డా, రెండో ముక్క ఎందుకు సదవలే?"

నా కాళ్ళు ఆగిపోయాయి.

"నాకు ఎరుకే," అన్నాడు. "వచ్చిన్నాడే పోస్టుమాస్టర్ సదివి చెప్పిండు. గా నెలనే సమ్మమ్మ దవాఖానల పడ్డది. ఉన్నదంత అటే పోయింది. చెప్తె, నా మూలంగనే గిన్నె పాయె అని ఏడుస్తది. అందుకే చెప్పలే. మొదటి ముక్క మంచిగున్నదని అద్దం కట్టిచ్చిన."

నేను కలకత్తాకు మేం రాసిన సంగతీ జవాబు వచ్చిన సంగతీ చెప్పేశాను.

ఆయన నడక ఆపాడు. ముందు పోతున్న జానీ మియా వీపు వైపు చూశాడు. "అయితె నన్ను అడిగే పని లేదని ఆయనకు గుడ ఎరుకేనా?"

"ఎరుకే పెద్దయ్యా. ఆ కాయితం ఆయన జేబులనే ఉన్నది."

"ఎరుకుండి అడిగిండా," అన్నాడు రాయమల్లు. అక్కడ జానీ మియా బస్సు ఆపి, మెట్టు మీద నిలబడి నన్ను పిలుస్తున్నాడు. రాయమల్లు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అయితె నాదేనన్నట్టు, గిన్నె."